పాల కోసం పరుగెత్తలేదు మీరు

పేరు వెయ్యొద్దన్న ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. సంగతి క్లుప్తంగా ఇది.

ఆవిడకు 51 ఏళ్ళు. 39వ ఏట బరువు తగ్గుదామని మొదలుపెట్టిన పరుగు ఒక్కోటి 42 కిలోమీటర్ల పైచిలుకుండే ఫుల్ మారథాన్లు ఏడింటి దాకా లాక్కెళ్ళింది. అందులో సగం దూరముండే హాఫ్‌లు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశారట. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం, వారానికి యాభై కిలోమీటర్లు, ఆదివారం పదిమందితో కలిసి లాంగ్ రన్... పన్నెండేళ్ళు ఇదే లోకం. ఏడాదిన్నర కిందట కుడి మోకాలి లోపలివైపు నొప్పి మొదలైంది. ఎమ్మారై తీస్తే ఆ వైపు గుజ్జు బాగా అరిగిందనీ, కీలులో మెత్తలా ఉండే మెనిస్కస్ అంచు చిరిగిందనీ తేలింది. "ఎంతైనా నడవండి, దూరాలు పరుగెత్తడం మాత్రం ఇక మరిచిపోండి" అన్నారు డాక్టరు. ఇంకొకరికి చూపిస్తే అదే మాట. ఇది జరిగి ఆరు నెలలు. ఫిజియోథెరపీకి రెండు వారాలు వెళ్ళి, విసుగొచ్చి మానేశారు.

ఇక్కణ్ణుంచి ఆవిడ మాటల్లోనే: "మావారు 'హమ్మయ్య' అనుకున్నారు. పైకి అనలేదు, ముఖంలో కనిపించింది. అత్తగారు పైకే అన్నారు, 'పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని ఊరికే అన్నారా' అని. అమ్మాయి చేతికో బ్యాండు కట్టి, రోజుకు పదివేల అడుగులు వెయ్యమ్మా చాలు అంది. అందరూ దయగానే ఉన్నారు, ఒక్కరికీ అర్థం కాలేదు. అదే వేళకి, అదే దారిలో నడుస్తున్నాను. వాచీలో కిలోమీటరుకు 10 నిమిషాల 50 సెకన్లు అని చూసినప్పుడల్లా ఏడుపొస్తోంది. నాది 6.40 ఉండేది. నడుస్తూ నడుస్తూ నాకు తెలియకుండానే పరుగందుకుంటాను. మళ్ళీ తిట్టుకుని ఆగుతాను. నెల కిందట ఎవరికీ చెప్పకుండా 14 కిలోమీటర్లు పరుగెత్తాను. ఆ గంటా నలభై నిమిషాలూ నేను నేనుగా ఉన్నాను. మర్నాటికి మోకాలిచిప్పకి అటూ ఇటూ ఉండే గుంటలు రెండూ వాపుతో పూడిపోయాయి. తొమ్మిది రోజులు మెట్లు దిగలేకపోయాను.

"మొన్న ఆదివారం నడుస్తుంటే వెనక మావాళ్ళ అడుగుల చప్పుడు. ఎవరిది ఏ అడుగో చూడకుండా చెప్పగలను. గబుక్కున చెట్టు చాటుకెళ్ళి లేసు కట్టుకుంటున్నట్టు గొంతుక్కూర్చున్నాను. లేసు ఊడలేదు. వాళ్ళు దాటిపోయేదాకా ముడి విప్పుతూ వేస్తూ ఉన్నాను."

ఆవిడ అడిగినవి: మోకాలిని నేనే పాడుచేసుకున్నానా? చిన్న ఆపరేషన్ చేయించుకుంటే రెండు నెలల్లో మళ్ళీ పరుగెత్తొచ్చని ఒక స్నేహితురాలు అంటోంది, నమ్మనా? నడక నాకు ఓటమిలా ఉంది, నచ్చాలంటే ఏం చెయ్యాలి? నచ్చకపోతే తప్పా?

*

ముందు నా సంగతి చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాను. బస్సు వెనక తప్ప పరుగెత్తిన మనిషినీ కాను. కాబట్టి మీ మోకాలి మీద తీర్పు చెప్పేది మీ డాక్టర్లే. మీ ఉత్తరాన్ని మాత్రం నాలుగుసార్లు చదివాను. దాని గురించి చెప్పగలను.

మీ అత్తగారి సామెత దగ్గర మొదలుపెడతాను. ఆరు పేజీల్లో మిమ్మల్ని ఎక్కువ గుచ్చింది అదేననిపించింది. ఆ సామెత ఆశపోతుల కోసం పుట్టింది, ఉన్న నీళ్ళు చాలక పాల వెంట పడేవాళ్ళ కోసం. మీరు పాల కోసం పరుగెత్తలేదు. ఏడు మారథాన్లకీ మీకు దక్కింది మెడలో వేసుకునే ఏడు బిళ్ళలు. మీకు పరుగే పాలు. మీ ఇంట్లోవాళ్ళ దృష్టిలో పరుగైనా నడకైనా ఒంటికి మంచిదని చేసే పని, ఒకటి పోతే ఇంకొకటి. అందుకే అంత తేలిగ్గా "నడిస్తే సరిపోతుందిగా" అనగలుగుతున్నారు. వాళ్ళు మోకాలి గురించి మాట్లాడుతున్నారు, మీకేమో పన్నెండేళ్ళ గురించి బాధ. వాళ్ళది తప్పని కాదు. ఇద్దరూ వేరే వేరే విషయాలు మాట్లాడుకుంటున్నారని తెలిస్తే కోపం కాస్త తగ్గుతుందని చెబుతున్నాను.

మోకాలిని మీరే పాడుచేసుకున్నారా అన్నదానికి వస్తే, ఈ నేరం మోపడం జనానికి భలే సరదా. 2017లో, అంతకుముందు వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్ష వచ్చింది. తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల సరదాగా పరుగెత్తేవాళ్ళలో 3.5 శాతం మందికి ఉంటే, పరుగు జోలికి పోకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం మందికి ఉంది. పోటీ క్రీడాకారుల స్థాయిలో పరుగెత్తేవాళ్ళలో మాత్రం 13.3 శాతం. మీరు ఈ చివరి గుంపులోకి రారు. మీ ఒక్కరి మోకాలు ఎందుకు అరిగిందో ఈ అంకెలు చెప్పవు. వయసు, కాలి వంపు, ఎప్పటిదో పాత దెబ్బ, వంశంలో ఉన్న ధోరణి, వీటిలో ఏదైనా కావచ్చు, అన్నీ కలిసి కావచ్చు. ఈ అంకెలు తీసుకెళ్ళి అత్తగారికి చూపించమనను. రాత్రిళ్ళు మీ మీద మీరు నడుపుకుంటున్న విచారణ మాత్రం ఆపేయొచ్చు.

ఇందులోనే ఒక మెలిక ఉంది, అదీ చెప్పాలి. మంచి మోకాలికి పరుగు చెడ్డది కాదన్నంత మాత్రాన, అరిగిన మోకాలికి 14 కిలోమీటర్లు మంచివైపోవు. ఆ పూడిపోయిన గుంటలే సాక్ష్యం.

ఆపరేషన్ విషయం. మీ స్నేహితురాలు చెబుతున్నది చిన్న కన్నం పెట్టి, లోపల చిరిగిన మెనిస్కస్ అంచును కత్తిరించి సాపు చేసే ఆర్థ్రోస్కోపీ అయి ఉంటుంది. వయసుతో వచ్చే అరుగుదల ఉన్న మోకాళ్ళకి దాదాపు అందరి విషయంలోనూ దాన్ని వద్దని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు గట్టిగానే చెప్పాయి, నొప్పిలోనూ కదలికలోనూ నిలకడైన లాభం పెద్దగా కనబడలేదని. మీ స్నేహితురాలికి తెలిసినవాళ్ళెవరో ఆటలో దెబ్బ తగిలి చేయించుకున్న పాతికేళ్ళ కుర్రాళ్ళై ఉండొచ్చు. వాళ్ళ కథ వేరు. మీ ఇద్దరు డాక్టర్లలో ఒక్కరూ ఆపరేషన్ మాటెత్తలేదంటే, మరిచిపోయి కాదు. అడగాలనిపిస్తే సూటిగా అడగండి: "నా మోకాలికి ఇది చేస్తే ఏం మెరుగవుతుంది, ఏం కాదు?"

ఇప్పుడు మిమ్మల్ని కాస్త మందలించాలి. మారథాన్‌కి సిద్ధం కావడానికి పదహారు వారాలో పద్దెనిమిది వారాలో పడుతుంది. ఏడుసార్లు ఆ తపస్సు చేశారు. వానలో వెళ్ళాను, జ్వరం తగ్గీ తగ్గకుండా వెళ్ళాను అని మీరే రాశారు. అంతటి మనిషి ఫిజియోథెరపీకి ఇచ్చింది రెండు వారాలు! పడుకుని కాలు నిటారుగా ఎత్తి పది అంకెలు లెక్కపెట్టడం విసుగే, ఒప్పుకుంటాను. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళుండరు, పేస్ (కిలోమీటరుకు ఎంతసేపన్న లెక్క) ఉండదు, బిళ్ళ ఇవ్వరు. కానీ మోకాలి కీలు మీద పడే భారాన్ని మోయాల్సింది తొడ ముందుభాగం కండ, తుంటి చుట్టూ ఉండే కండలు. అవి బలంగా ఉంటే కీలుకి ఊపిరాడుతుంది. ఇటువంటి వ్యాయామాల ఫలితం తెలియాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. మీరు పరుగువైపు వెళ్ళినా, నడకవైపు వెళ్ళినా, ఇది దాటి పోయే దారి లేదు. పన్నెండు వారాల ప్లాన్ రాసి, పరుగు ప్లాన్లు అతికించే చోటే అతికించండి.

ఆ తర్వాత మీ ముందు ఏమేం ఉన్నాయి?

డాక్టర్ల మాట పక్కన పెట్టి ఇదివరకట్లా పరుగెత్తడం ఒకటి. మీ మనసులో ఈ ఆలోచన ఇంకా ఉంది, లేకపోతే ఆ 14 కిలోమీటర్లు ఉండవు. పెద్దదానివి, కాలు నీది, అని వదిలెయ్యొచ్చు. దీని ఖరీదు మాత్రం ఆ నెలలోనే చూశారు: గంటా నలభై నిమిషాల ఆనందానికి తొమ్మిది రోజులు మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకోవడం. ఒక్కసారికైతే భరించొచ్చు. నెలకోసారి ఇదే అయితే ఏడాదిలో ఎన్ని రోజులు కూర్చునే గడుస్తాయో లెక్కెయ్యండి. కూర్చుంటే తొడ కండ సన్నబడుతుంది, దాంతో మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. గుజ్జు పోయాక మళ్ళీ పెరిగే రకం కాదు.

కొంచెం పరుగు, కొంచెం నడకగా కలిపి వెళ్ళడం ఇంకొకటి. అమెరికాకు చెందిన జెఫ్ గాలవే, 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తినాయన, ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అలసిపోయాక నడవడం కాకుండా మొదటి నిమిషం నుంచీ లెక్క ప్రకారం ఆగి నడవడం అందులో కిటుకు. మీ డాక్టరు వద్దన్నది దూరాలు పరుగెత్తడం. పన్నెండు వారాల తర్వాత మోకాలు చల్లబడితే, వారానికి రెండుసార్లు, ఒక నిమిషం పరుగు రెండు నిమిషాలు నడకగా ఇరవై నిమిషాలు ప్రయత్నించవచ్చా అని ఆయన్నీ, ఫిజియోనీ అడిగి చూడండి. ఒప్పుకుంటే మీకు పరుగు పూర్తిగా పోదు. ఇక్కడ నాకున్న భయం మోకాలి గురించి కాదు, మీ గురించి. ఒక నిమిషం మూడవుతుంది, ఇరవై నిమిషాలు గంటవుతుంది, పాత పేస్ గుర్తొస్తుంది. కొంచెం తినమంటే ఆగలేనివాళ్ళు అసలు ముట్టకపోవడమే సుఖం అనుకుంటారు చూడండి, మీరు ఆ రకమా కాదా అన్నది మీకే తెలియాలి. అయితే మాత్రం ఈ దారి మీకు శిక్ష.

మూడోది నడక. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీరింకా నడవడం మొదలుపెట్టలేదని నా అభిప్రాయం. అదే దారి, అదే వేళ, అదే బూట్లు, చేతికి అదే వాచీ. ఇంకో చేతికి అమ్మాయి కట్టిన బ్యాండు. ఆరు నెలలుగా మీరు చేస్తున్నది చాలా నెమ్మదిగా పరుగెత్తడం. పరుగు కొలబద్దతో కొలిస్తే నడక ఎప్పుడూ ఓడిపోతుంది.

నడుస్తూ నడుస్తూ పరుగందుకోవడం గురించి సిగ్గుపడుతూ రాశారు, మనసు అదుపులో లేదని. అందులో మనసు ప్రమేయం తక్కువ. నడకలో కాలు గడియారం లోలకంలా ఊగుతుంది. వేగం పెంచుకుంటూ పోతే ఒక దశలో ఆ ఊపు సరిపోదు. గంటకు సుమారు 7 కిలోమీటర్లు దాటాక నడవడం కంటే పరుగెత్తడమే శరీరానికి చవక, అందుకని తనే గేరు మార్చేస్తుంది. పాత పేస్ అందుకోవాలని మీరు తొందరపడ్డప్పుడల్లా ఆ గీత దగ్గరికి వెళ్తున్నారు. గంటకు ఐదున్నర, ఆరు దగ్గర ఉంటే ఆ లాగుడు ఉండదు. అది మరీ నత్తనడకా కాదు. నిమిషానికి నూరు అడుగులు పడుతుంటే, మాట్లాడగలిగినా పాట పాడలేనంత ఆయాసం ఉంటే, గుండెకు పని పడుతున్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఇలాంటి శ్రమే. ఒక్క విషయం దాచను: గంట పరుగుకి ఖర్చయ్యే శక్తిలో గంట నడకకి సగానికి కాస్త తక్కువే ఖర్చవుతుంది. ఆరు నెలల్లో పెరిగానని మీరు రాసిన నాలుగు కిలోలకి కారణం అదే. పన్నెండేళ్ళ ఆకలి ఇంకా అలాగే ఉంది, ఖర్చు తగ్గింది.

మోకాలి వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. నడకలో ఎప్పుడూ ఏదో ఒక కాలు నేల మీదే ఉంటుంది. పరుగులో అంగకీ అంగకీ మధ్య రెండు కాళ్ళూ గాల్లో ఉండే క్షణం ఒకటుంది. అక్కణ్ణుంచి దిగేటప్పుడు నేల తిరిగి కొట్టే దెబ్బ ఒంటి బరువుకి రెండున్నర మూడు రెట్లు. నడకలో అది ఒంటి బరువు కంటే కాస్తే ఎక్కువ. పైగా గుజ్జులో రక్తనాళాలుండవు. కాలు మోపినప్పుడు నొక్కుకుని, ఎత్తినప్పుడు వదులై, కీలు లోపలి ద్రవాన్ని స్పాంజిలా పీల్చుకుంటూ బతుకుతుంది. కూర్చోబెడితే దానికీ తిండి తగ్గుతుంది. డాక్టరు "ఎంతైనా నడవండి" అన్నది ఊరడించడానికి కాదు.

మీరు పోగొట్టుకున్నది సరిగ్గా ఆ గాల్లో ఉండే క్షణాన్ని. దాన్ని నడక ఇవ్వదు. ఇస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, నాతో సహా. దానికోసం ఏడవాలనిపిస్తే ఏడవండి.

మరి మీ దగ్గర మిగిలిందేమిటి? ఓర్పు. అది మోకాల్లో ఉండే వస్తువు కాదు. మారథాన్‌లో నాలుగు గంటల 41 నిమిషాలు కాళ్ళ మీద నిలిచిన మనిషికి నలభై నిమిషాల నడక విసుగు పుట్టక ఏం చేస్తుంది? అది మీకు వార్మప్. డాక్టరు మాటను మళ్ళీ చూడండి: దూరాలు పరుగెత్తడాన్ని వదలమన్నారు, దూరాన్నే వదలమనలేదు. 42.195 కిలోమీటర్లు పరుగెత్తే తీరాలని ఎక్కడా రాసిలేదు. గంటకు ఐదున్నర చొప్పున అది ఏడు గంటల నలభై నిమిషాల పని. ఇప్పుడే కాదు, బహుశా ఎప్పటికీ అక్కర్లేదు. కానీ వారంలో ఒకరోజు లాంగ్ వాక్ అని పెట్టుకుని, ఇప్పుడు మోకాలు ఒప్పుకుంటున్న నలభై నిమిషాలకి వారానికి ఐదు నిమిషాలు కలుపుతూ పోతే, ఏడాది తిరిగేసరికి మూడు నాలుగు గంటలు నడిచే మనిషి అవ్వొచ్చు. మీకు తెలిసిన దారులు వదిలెయ్యండి. పరుగుకి పనికిరాదని మీరు ఏనాడూ తొక్కని దారులుంటాయి, ఇరుకువి, గతుకులవి, మలుపులవి. వాటికి మీ దగ్గర పాత టైమింగులు లేవు.

వాచీని సొరుగులో పెట్టండి. బ్యాండు అమ్మాయి ప్రేమగా కట్టింది కాబట్టి ఉంచుకోండి, ఆ పదివేల అంకెను మాత్రం వేదంలా చూడకండి. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక అడుగుల మీటరుకు పెట్టిన పేరది, 'పదివేల అడుగుల మీటరు' అని. వినడానికి బాగుందని అలా నిలిచిపోయింది. మీ కొలత మీ దగ్గరే ఉంది, మీరే రాశారు. పొద్దున లేవగానే కాళ్ళు చాపుకుని మోకాలిచిప్ప పక్కన ఆ రెండు గుంటలు చూసుకోండి. ఉన్నాయంటే నిన్నటి దూరం మోకాలికి సమ్మతమే. ఒకటి పూడిందంటే ఎక్కువైంది, రెండు మూడు రోజులు తగ్గించండి. దిగుడు దారులూ, మెట్లు దిగడమూ ఎక్కడం కంటే మోకాలిని ఎక్కువ ఇబ్బంది పెడతాయి, దారి ఎంచుకునేటప్పుడు చూసుకోండి. ఎప్పుడైనా కాలు మడత పడి తిరిగి రాకుండా బిగుసుకుపోయినా, నడుస్తుంటే ఒక్కసారిగా జారిపోయినట్టైనా, వాపుతో పాటు జ్వరం వచ్చినా ఇంటి వైద్యాలు వద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

దీనికీ ఖర్చుంది. లాంగ్ రన్ రెండు గంటల్లో అయ్యేది, లాంగ్ వాక్ నాలుగు గంటలు తింటుంది. "హమ్మయ్య" అనుకున్న మీవారు ఉస్సూరంటారు. ఆయన్ని కూడా తీసుకెళ్ళమని అందరూ సలహా ఇస్తారు, నేనివ్వను. ఆయనకి నడవాలని ఉంటే ఆయనే అడుగుతారు. కానీ ఆ 'హమ్మయ్య' మిమ్మల్ని బాధపెట్టిందని ఆయనకి తెలియాలి. ముఖంలో వచ్చినదానికి జవాబు మీరూ ముఖంలోనే ఇస్తూ కూర్చుంటే ఇది తెమలదు.

నడక నచ్చకపోతే తప్పేమీ లేదు. పన్నెండు వారాల వ్యాయామం, ఆ పైన మూడు నెలల నడక చూశాక కూడా నచ్చకపోతే ఈత ఉంది, సైకిలుంది, రెండూ మోకాలికి అంత బరువు కావు. నిద్ర పట్టడం లేదని, చీటికీ మాటికీ ఇంట్లో విరుచుకుపడుతున్నానని ఐదో పేజీలో ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. ఏళ్ళ తరబడి ఒళ్ళు అలవాటుపడిన శ్రమ ఉన్నట్టుండి ఆగిపోతే ఇలా అవుతుంది. నడక పెరిగితే కొంత సర్దుకుంటుంది. సర్దుకోకపోతే, ఏ పనీ చెయ్యబుద్ధికాని రోజులు వరసపెడితే, కౌన్సెలర్‌తో మాట్లాడండి. మోకాలికి ఇద్దరు డాక్టర్లను చూశారు కదా.

ఇక ఆదివారం గుంపు. వాళ్ళకి చెప్పారా? ఆరు పేజీల్లో ఎక్కడా లేదు. పనుందనో, ఒంట్లో బాగాలేదనో ఆర్నెల్లుగా దాటవేస్తున్నట్టున్నారు. చెబితే ఒకళ్ళిద్దరు జాలి పడతారు. ఇంకొకరు తైలం పేరు చెబుతారు. కొందరు మెల్లగా దూరమవుతారు, పరుగు తప్ప మీ మధ్య ఇంకేం లేదని అప్పుడు తెలుస్తుంది. మిగిలినవాళ్ళు మిగులుతారు. కొన్నాళ్ళు వాళ్ళని చూడలేననిపిస్తే అదీ సరే, ఆదివారం వేరే దారి పట్టండి. అలా కాకుండా వాళ్ళు కావాలనిపిస్తే, వాళ్ళ కంటే గంట ముందు బయల్దేరి, వాళ్ళు వచ్చే దారికి ఎదురు నడవండి. వెనకనుంచి వచ్చి దాటిపోవడం వేరు, ఎదురుపడి పలకరించుకోవడం వేరు.

వీటిలో ఏది ఎంచుకున్నా మీ ఇష్టం. ఒక్కటి మాత్రం వద్దని చెప్పేస్తాను. అరిగిన మోకాలికి నడక కంటే, మెట్ల కంటే కష్టమైన పని, దాన్ని పూర్తిగా మడిచి గొంతుక్కూర్చోవడం. ఈసారి వాళ్ళ అడుగులు వినిపిస్తే లేసు జోలికి పోకండి, నిలబడే చెయ్యూపండి.